మూత మీద పోసిన నీళ్ళు

ఉత్తరాన మంచుదేశపు కొసన ఉన్న క్వెల్‌విక్ ఊళ్ళో ఓడ్‌లైఫ్ చేతి మీదుగా సాయం అందని ఇల్లు లేదు. ముసలివాళ్ళ ఆరోగ్య కేంద్రానికి అతను కాపలాదారు, మరమ్మతుదారు, ఇంకా పేరు పెట్టని పనులన్నిటికీ అతనే. తెల్లారేసరికి మెట్ల మీద, మంచుకు ఎవరూ జారకుండా, బూడిద చల్లి ఉండేది. ఎవరి ఊతకర్రకైనా కింద రబ్బరు అరిగిపోతే, వాళ్ళు భోజనానికి కూర్చున్నప్పుడు కర్ర పట్టుకెళ్ళి కొత్త రబ్బరు తొడిగి, లేచేలోగా కుర్చీకి ఆనించి పెట్టేవాడు. అడిగితే, "నాకేం తెలుసు, దానంతటదే వచ్చి తొడుక్కుందేమో" అనేవాడు. యాభై తొమ్మిదేళ్ళ మనిషి. మాట తక్కువ, చెయ్యి ఎక్కువ.

కేంద్రానికి మూడు కరెంటు కార్లున్నాయి. ఇంటింటికీ తిరిగి ముసలివాళ్ళకు సూదులు వేసి, మందులిచ్చి, పొయ్యి రాజేసి వచ్చే నర్సమ్మలు వాటిలోనే వెళ్తారు. ఆ కార్ల బాగోగులు ఓడ్‌లైఫ్‌వి. చలికాలంలో వాటికి ఒకటే జబ్బు. పగలు తడి మంచు పడి, సాయంత్రానికి చలి బిగిసిందంటే, ఛార్జింగు పెట్టే చోట ఉండే చిన్న మూత కారు ఒంటికి అతుక్కుపోతుంది. అరచేయంత మూత. అది తెరుచుకోకపోతే కారుకు తిండి లేదు. అందుకని అతను సెప్టెంబరులోనే మూత చుట్టూ ఉన్న రబ్బరు అంచుకు జిడ్డు రాసేవాడు. అయినా అతుక్కుంటే ఏం చెయ్యాలో కొత్తగా చేరిన ప్రతి మనిషికీ దగ్గరుండి నేర్పేవాడు: అరచేత్తో చుట్టూ మెల్లగా తట్టాలి, రబ్బరు సంచిలో వేడినీళ్ళు నింపి, ఉన్ని మేజోట్లో దూర్చి, మూతకు ఆనించి పట్టుకోవాలి, చల్లారితే మళ్ళీ నింపాలి. నీళ్ళు మాత్రం పోయకూడదు. పోసిన నీళ్ళు ఆ నిమిషానికి మూత తెరిపిస్తాయి, తర్వాత లోపలికి జారి ఇంకా గట్టి మంచవుతాయి. ఈ సంగతి పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి గోడకు అంటించిందీ అతనే.

అలాంటి ఓడ్‌లైఫ్, జనవరి నెలలో ఒక శనివారం మధ్యాహ్నం, తన చేత్తో తానే ఆ మూత మీద వేడినీళ్ళు పోశాడు.

ఆ రోజు పొద్దున సన్నటి మంచువాన కురిసింది. మధ్యాహ్నానికి ఈశాన్యం గాలి తిరిగి అంతా గాజులా బిగుసుకుంది. సూర్యుడు మొహం చూపించని రోజులు కనుక మూడింటికే చీకటి. నాలుగింటికి ప్రార్థనా గృహంలో కూటం. ఫిన్లాండు వైపు నుంచి ఇద్దరు బోధకులు వస్తున్నారు. కాఫీ ఏర్పాటు ఎప్పటిలాగే ఓడ్‌లైఫ్‌ది. ప్రార్థనా గృహంలో నీళ్ళ గొట్టం గడ్డకట్టి పోవడంతో, కేంద్రం వంటగదిలోంచి రెండు పెద్ద ఫ్లాస్కుల నిండా మరిగే నీళ్ళు పట్టుకుని బయటికొచ్చాడు.

ఆవరణలో తెల్లకారు పక్కన లెమ్లెమ్ నిలబడి ఉంది. ఎరిత్రియా నుంచి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడి నాలుగేళ్ళయింది ఆమెకు. నిరుడు పరీక్ష పాసై నర్సుకు సహాయకురాలిగా చేరింది. లోయలోపలి ఇళ్ళన్నీ ఆమె వంతు. మోకాళ్ళ మీద వంగి, మేజోడు తొడిగిన వేడినీళ్ళ సంచిని మూతకు ఆనించి, పాపాయిని జోకొడుతున్నట్టు పట్టుకుని ఉంది.

"ఎంతసేపైంది తల్లీ?" అన్నాడు ఓడ్‌లైఫ్.

"పావుగంట. కదలట్లేదు. బ్యాటరీ కూడా అడుగంటింది, లేకపోతే లోపల హీటరు వేసి ఉంచేదాన్ని."

"నీ బస్సు మూడూ ఇరవై అయిదుకి కదా. వెళ్ళు, నేను చూసుకుంటాను."

"మీకు కూటం ఉంది కదండీ."

"కూటం నేను లేకపోయినా మొదలవుతుంది. బస్సు నువ్వు లేకపోతే ఆగదు."

ఆమె నవ్వి సంచి అతని చేతికిచ్చింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "చల్లారితే మళ్ళీ నింపండి. తొందరపడితే మాత్రం రాదు" అంది.

"నాకే పాఠం చెబుతున్నావా?"

"మీ పాఠమే. అప్పగించాను."

ఆమె వెళ్ళిపోయింది. ఓడ్‌లైఫ్ అయిదు నిమిషాలు సంచి పట్టుకున్నాడు. చల్లబడింది. లోపలికెళ్ళి నింపుకు రావాలంటే మళ్ళీ బూట్లు విప్పాలి, మళ్ళీ తొడగాలి. ప్రార్థనా గృహం వైపు కార్లు వరసగా వెళ్తున్నాయి. బోధకులు చలిలో అంతదూరం వచ్చారు. వాళ్ళకు వేడి కాఫీ లేకపోతే ఎలా అనుకున్నాడు. మంచి పనే అనుకున్నాడు. అటూ ఇటూ చూసి, ఫ్లాస్కు మూతలోకి ఒక కప్పెడు వంపి, ఛార్జింగు మూత అంచు వెంట ధారగా పోశాడు. టప్పుమని తెరుచుకుంది. కారిన నీళ్ళు చేతిరుమాలుతో తుడిచి, ప్లగ్గు గుచ్చాడు. పచ్చ లైటు వెలిగింది. ఆ లైటు చూసి తలూపి వెళ్ళిపోయాడు.

కూటంలో కాఫీ వేడిగానే ఉంది. ఫిన్లాండు బోధకుడు వాళ్ళ వైపు అలవాటు ప్రకారం కప్పులో జున్నుముక్కలు వేసుకుని తాగి, ఇంత మంచి కాఫీ తాగి ఎన్నాళ్ళయిందో అన్నాడు.

ఆదివారం పొద్దున ఏడింటికి లెమ్లెమ్ వచ్చేసరికి ప్లగ్గు కారులో బిగుసుకుపోయి ఉంది. లైటు లేదు. రెండు చేతులతో లాగితే గాని ఊడిరాలేదు. లోపల చూస్తే బ్యాటరీ పంతొమ్మిది శాతం దగ్గరుంది. రాత్రి ఎప్పుడో తడికి ఛార్జింగు ఆగిపోయింది. మిగతా రెండు కార్లు అప్పటికే ఫ్యోర్డు అనే సముద్రపు పాయ అవతలికి వెళ్ళిపోయాయి. లోయ చివర హిల్‌దూర్ ముసలమ్మ ఉంది. ఎనభై మూడేళ్ళు, చక్కెర జబ్బు. పొద్దున తిండికి ముందు సూది పడాలి. ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. బయట సున్నాకు ఇరవై రెండు డిగ్రీలు దిగువన ఉంది. లెమ్లెమ్ హీటరు ఆపేసి, కోటు మీద దుప్పటి చుట్టుకుని బయల్దేరింది.

ఆఖరి ఎత్తు దగ్గర, ఇంకా రెండు కిలోమీటర్లుందనగా కారు ఆగిపోయింది. ఆ వంపులో ఫోను అందదు. మందుల సంచి భుజానికి తగిలించుకుని నడిచింది.

అక్కడ హిల్‌దూర్ ఎనిమిదిన్నర దాకా కిటికీలోంచి చూసింది, తొమ్మిది దాకా చూసింది. పొయ్యి ఆరిపోయింది. పోనీ కట్టెలు నేనే తెచ్చుకుంటానని బయటికి అడుగుపెట్టి మెట్ల మీద జారిపడింది. లెమ్లెమ్ వచ్చేసరికి మంచు పేరుకున్న కింది మెట్టు మీద కూర్చుని, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కీర్తన పాడుకుంటోంది. "వచ్చావా బంగారూ, ఇంకో పాట అయ్యాక నిన్ను తిడదామనుకున్నాను" అందట. లెమ్లెమ్ ఆమెను లోపలికి మోసి, పొయ్యి రాజేసి, సూది వేసి, విరిగిన మణికట్టుకు చెక్కగరిటె ఆనించి గుడ్డతో కట్టి, కిటికీ దగ్గర మాత్రమే అందే ఫోనులో అంబులెన్సును పిలిచింది. ఇంకో అరగంట అయి ఉంటే వేళ్ళు పోయేవని డాక్టరన్నాడు. ఇంకో గంట అయితే ఏమయ్యేదో ఆయన అనలేదు.

ఈ సంగతులన్నీ సోమవారం పొద్దున తెలిశాయి ఓడ్‌లైఫ్‌కు. లాక్కొచ్చిన తెల్లకారు దగ్గర కరెంటు పనివాడు ఈదార్ కూర్చుని సాకెట్టులోంచి పుల్లతో మంచుముక్క పెకలించాడు. అరచేతిలో పెట్టుకుని చూపించాడు. సీసా మూతంత ఉంది, తేటగా, అద్దంలా.

"మంచువాన తెచ్చింది కాదిది. ఎవరో నీళ్ళు పోశారు. వేడివి. ఆ గోడ మీద నీ చేతిరాత చదవని మహానుభావుడెవరో."

ఓడ్‌లైఫ్ నోరు తెరిచాడు. ఆ క్షణంలో చెప్పేయాల్సింది. ఈదార్ మంచుముక్క విసిరేసి, కాఫీ ఉందా అంటూ లోపలికి నడిచాడు. ఆ క్షణం అతని వెంటే వెళ్ళిపోయింది.

పది గంటలకు పెద్ద నర్సు గున్‌వోర్ అతన్నీ లెమ్లెమ్‌నూ తన గదిలోకి పిలిచింది. మనిషి మంచిది, ఎవరి తల్లి జబ్బుపడినా పేరు పెట్టి అడిగే మనిషి. ముగ్గురికీ కాఫీ తనే పోసింది.

"ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. ఇంకోసారి జరగకూడదని. ఓడ్‌లైఫ్, శనివారం ప్లగ్గు పెట్టింది నువ్వేగా?"

"నేనే. మూత తెరుచుకుంది. పచ్చ లైటు కూడా వెలిగింది."

"అంతకుముందు లెమ్లెమ్ ప్రయత్నించిందట. అమ్మాయ్, మూత మీద కాసిని నీళ్ళు ఏమైనా పోశావా?"

"లేదండీ. సంచి ఆనించి పట్టుకున్నాను."

"ఓడ్‌లైఫ్, నువ్వు వచ్చేసరికి ఆమె చేతిలో వేడినీళ్ళున్నాయా?"

"సంచి ఉంది. వేడినీళ్ళ సంచి" అన్నాడు ఓడ్‌లైఫ్.

"దాని బిరడా సరిగ్గా బిగిసి ఉందా?"

"నేను చూడలేదు."

అందులో ఒక్క మాట అబద్ధం కాదు. చిన్నప్పటి నుంచి అబద్ధం ఆడకూడదని పెరిగినవాడు, ఆడలేదు. ఒక్కొక్క నిజాన్నే ఏరి పక్కపక్కన పేర్చి, వాటి వెనక దాక్కున్నాడు. లెమ్లెమ్ తలెత్తి అతనివైపు ఒకసారి చూసింది. అతను కాఫీకప్పు వైపు చూశాడు.

గున్‌వోర్ ఆ అమ్మాయి చేతిమీద చెయ్యి వేసి, "పరవాలేదమ్మా. చలికాలం ఇక్కడ పుట్టినవాళ్ళకే లొంగదు. అందరం నేర్చుకున్నవాళ్ళమే" అంది.

"నేను పొయ్యలేదండీ" అంది లెమ్లెమ్ మళ్ళీ.

"పరవాలేదన్నానుగా" అంది గున్‌వోర్, ఇంకా మెత్తగా.

ఆ వారమంతా కేంద్రంలో అందరూ లెమ్లెమ్‌ను ముద్దుగా చూశారు. ఒకామె ఉన్ని చేతితొడుగులు అల్లి తెచ్చింది. వంటావిడ వేఫర్ రొట్టెల్లో మొదటిది ఆమె పళ్ళెంలో వేసింది. అవన్నీ నిజమైన దయలే. అందులో ఎవరి మనసులోనూ కల్మషం లేదు. ఆ దయ అడుగున ఉన్నది ఒకటే: పాపం, వేడి దేశం నుంచి వచ్చిన పిల్ల, తెలియక చేసింది. ఓడ్‌లైఫ్ ప్రతి దయనూ చూశాడు.

బుధవారం కాఫీ వేళ ఈదార్ వేళాకోళమాడాడు.

"అయితే లెమ్లెమ్, మీ ఊళ్ళో మంచు మీద నీళ్ళే పోస్తారా ఏంటి?"

"మా ఊళ్ళో మంచు పడదు. అస్మారాలో వడగళ్ళు పడతాయి."

"మరి వాటినేం చేస్తారు?"

"కరిగేదాకా ఆగుతాం. వడగళ్ళ మీద వేడినీళ్ళు పోసేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఇక్కడికొచ్చాకే విన్నాను, అలాంటివాళ్ళుంటారని."

అందరూ నవ్వారు. ఓడ్‌లైఫ్ లేచి, దీపం ఏదో మార్చాలని బయటికి వెళ్ళాడు. మార్చాల్సిన దీపం ఏదీ లేదు. గోడవార నిలబడి తను రాసిన కాగితం చదువుకున్నాడు. కింద గున్‌వోర్ ఇంకో కాగితం చేర్చి ఉంది. భాష రానివాళ్ళకు కూడా అర్థమయ్యేలా, కెటిలు బొమ్మ వేసి ఎర్రగీత కొట్టి.

శుక్రవారం గున్‌వోర్ తన నిర్ణయం చెప్పింది. సోమవారం నుంచి లెమ్లెమ్ లోయలోకి కారు తీసుకెళ్ళక్కరలేదు. చలికాలం గడిచేదాకా లోపలే, బట్టల ఉతుకు దగ్గర సాయం చేస్తుంది. ఆమె మంచికే. వసంతంలో ఖాయం కావాల్సిన ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. అది కారు నడిపే మనిషికిచ్చే ఉద్యోగం కదా. సోమవారం పొద్దున కొత్త వంతుల పట్టిక గోడకెక్కుతుంది.

లెమ్లెమ్ సరేనంది. దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గరికెళ్ళి, ఎవరూ చెప్పకుండానే ఆ రోజే మొదలుపెట్టింది. ఓడ్‌లైఫ్ ఆ గది తలుపు ముందు నుంచి నాలుగుసార్లు నడిచాడు. అయిదోసారి గడప మీద ఆగాడు.

"ఏమైనా కావాలా?" అంది ఆమె.

"ఈ తలుపు కిర్రుమంటోందని విన్నాను."

"అనట్లేదండీ" అంది లెమ్లెమ్. ఒక దుప్పటి మడిచి, అంచులు కలిపి, అతనేమైనా అంటాడేమోనని కాసేపు ఆగింది. అతను తలుపుకు నూనె వేసి వెళ్ళిపోయాడు.

ఆదివారం ప్రార్థనా గృహం నిండిపోయింది. అక్కడివాళ్ళకు ఒక ఆచారముంది. ఎవరి మనసు బరువెక్కితే వాళ్ళు లేచి పక్కవాళ్ళ దగ్గరికెళ్ళి, మెడ చుట్టూ చెయ్యి వేసి, "నా తప్పులు మన్నించు" అంటారు. అవతలివాళ్ళు అతని మెడ చుట్టూ చెయ్యి వేసి, "యేసు నామంలో, ఆయన రక్తంలో నీ పాపాలన్నీ పోయాయని నమ్ము" అంటారు. ఏ తప్పని అడగరు. అడగకపోవడమే అందులో మర్యాద. ఆ మాటతో ఎన్నో ఏళ్ళ పగలు పోయాయి, అన్నదమ్ములు కలిశారు, ఓడ్‌లైఫ్ తండ్రి చావు మంచం మీద నవ్వాడు. అది అల్పమైన మాట కాదు.

ముందు వరసలో హిల్‌దూర్ కూర్చుని ఉంది, కుడి చేతికి తెల్లటి కట్టుతో. ఆమె ఓడ్‌లైఫ్ తల్లికి వరసకు చెల్లెలు. ఓడ్‌లైఫ్ కాళ్ళు అతన్నక్కడికి తీసుకెళ్ళాయి. వంగి ఆమె భుజాల చుట్టూ చెయ్యి వేశాడు.

"పిన్నీ, నన్ను మన్నించు."

ఆమె కట్టుకట్టిన చెయ్యే ఎత్తి అతని మెడ మీద వేసింది. గట్టి కట్టు చల్లగా చెవికి తగిలింది. "నమ్మరా నాయనా. అన్నీ పోయాయి. ఆయన నామంలో, ఆయన రక్తంలో" అంది. ఆ పైన చెవిలో, "నువ్వేం తప్పు చేసి ఉంటావులే, వెర్రివాడా" అని కూడా అంది.

అతను ఏడ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

ఇంటికొచ్చేసరికి భార్య మార్గున్ కాడ్ చేప, దాని కాలేయం ఉడకబెట్టి పెట్టింది. ఓడ్‌లైఫ్ రెండు ముక్కలు తిని మూడోది వడ్డించుకున్నాడు. మార్గున్ గరిటె పట్టుకుని అలాగే చూసింది.

"ఈ వారం నీ తిండంతా పిల్లి తినేసింది. దాని పొట్ట చూడు, నేలకి ఆనుతోంది. ఇవాళేం జరిగింది?"

"క్షమాపణ దొరికింది" అన్నాడు ఓడ్‌లైఫ్.

"మంచిదే. దేనికి?"

ప్రార్థనా గృహంలో ఎవరూ ఎవరినీ అడగని మాట అది. కట్టుకున్న భార్య గనక, బంగాళదుంప తొక్క తీస్తూ మామూలుగా అడిగింది. ఓడ్‌లైఫ్ ఫోర్కు కింద పెట్టాడు. చెప్పబోతే నోట్లోకి మళ్ళీ ఆ నిజాలే వచ్చాయి: మూత తెరుచుకుంది, పచ్చ లైటు వెలిగింది. పొద్దున ఆ ముసలమ్మ తన విరిగిన చెయ్యి అతని మెడ మీద వేసి క్షమించింది ఎవరినో అతనికప్పుడు తెలిసింది. ఏ తప్పూ చేసి ఉండని ఒక వెర్రివాణ్ణి. ఆ మనిషి తను కాదు. ఆమెకు తెలియకుండా ఆమె దగ్గర క్షమాపణ తీసుకొచ్చాడు. తేలిగ్గా అనిపించిన గుండెను చూసి భయమేసింది. ఇలాగే ఇంకో వారం, ఇంకో ఏడాది హాయిగా తిని పడుకోగలనని తెలిసి భయమేసింది.

"చేప చల్లారుతోంది" అంది మార్గున్.

"పిల్లికి పెట్టు" అన్నాడు.

మార్గున్ అతని పళ్ళెం తీసి, మూతపెట్టి పొయ్యి పక్కన ఉంచింది.

సోమవారం ఏడుంపావుకు అందరూ కాఫీ గదిలో చేరారు. గున్‌వోర్ కొత్త పట్టిక గోడకు పెట్టి పిన్ను గుచ్చబోతోంది. లెమ్లెమ్ తలుపు దగ్గర నిలబడి ఉంది, ఉతుకుగది ఏప్రనుతో.

"ఆగు గున్‌వోర్" అన్నాడు ఓడ్‌లైఫ్. "ఆ నీళ్ళు పోసింది నేను. ఆ శనివారం, ఆమె వెళ్ళిపోయాక. ప్రార్థనా గృహానికని పట్టిన ఫ్లాస్కులోవి. తొందరలో పోశాను. మొన్న నువ్వడిగినప్పుడు తెలిసే దాచాను. ఆమె సంచి సరిగ్గానే పట్టుకుంది. హిల్‌దూర్ చెయ్యి విరిగింది నా వల్ల."



ఈదార్ గొంతు సవరించుకున్నాడు. "సరేలే. ఎవరికైనా జరిగేదే. చలి, చీకటి, చేతినిండా పని."

"చెప్పావు, అదే గొప్ప" అంది వంటావిడ.

గున్‌వోర్ కళ్ళు చెమర్చాయి. "కూర్చో ఓడ్‌లైఫ్. నీ రంగే పోయింది. ముందు కాస్త కాఫీ తాగు" అంటూ కప్పు నింపింది.

అతనికి కుర్చీ కూడా జరిపారు. ఓడ్‌లైఫ్ కూర్చోలేదు. వారం రోజులుగా ఆ అమ్మాయి లేదు లేదంటుంటే ఎవరూ ఇవ్వని నమ్మకాన్ని, తనకు ఒక్క నిమిషంలో, కాఫీతో పాటు ఇచ్చేస్తున్నారు. ఆ కప్పు అందుకోవడానికి చెయ్యి రాలేదు.

"నన్ను అడిగారు" అంది లెమ్లెమ్ తలుపు దగ్గర నుంచి. గొంతు పెంచలేదు. "రెండుసార్లు లేదన్నాను. పరవాలేదన్నారు."

గున్‌వోర్ మొహం మెడ దాకా ఎర్రబడింది. చేతిలోని పట్టికను మడిచింది, మళ్ళీ మడిచింది. "అవును. అన్నాను. తప్పు నాది కూడా" అంది చివరికి. పాత పట్టిక సొరుగులోంచి తీసి గోడకు పెట్టింది. "లోయ నీదే. వసంతంలో ఉద్యోగం గురించి ఇవాళే కాగితం రాస్తాను. ఎవరికీ అభ్యంతరం లేదుగా?"

ఎవరికీ లేదు.

ఓడ్‌లైఫ్ లెమ్లెమ్ ముందుకెళ్ళాడు. అలవాటుగా చెయ్యి పైకి లేవబోయింది, ఆపుకున్నాడు. "నన్ను మన్నించు తల్లీ" అన్నాడు.

లెమ్లెమ్ ఏప్రను విప్పి మడిచి కుర్చీ మీద పెట్టింది.

"ఇప్పుడు కాదండీ" అంది. "హిల్‌దూర్ గారికి సూది వేళయింది. మీరూ రండి."

తెల్లకారు నిండుగా ఛార్జయి ఉంది. ఆమె నడిపింది, అతను పక్కన కూర్చున్నాడు. ఆ కార్లో పక్క సీట్లో అతనెప్పుడూ కూర్చోలేదు. ఊరు దాటాక లోయ మొదలయింది. మంచు మీద దీపాల వెలుగు ముందు ముందుకు పరుగెడుతోంది. పది కిలోమీటర్లు గడిచాయి.

"నీకు ముందే తెలుసా?" అన్నాడు ఓడ్‌లైఫ్.

"పోయిన సోమవారమే తెలిసింది. బిరడా చూడలేదన్నారు కదా మీరు. నేను వెళ్ళేటప్పుడు ఆ సంచి మీ చేతికే ఇచ్చాను. బిరడా కారి ఉంటే మీ చేతులు తడిసేవి."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికి? మెట్ల మీద బూడిద చల్లే ఓడ్‌లైఫ్ గారు తప్పు చేశాడని నేను చెప్పాలా?" ఆమె వంపులో కారును మెల్లగా తిప్పింది. "మీరు చెప్తారని చూశాను. మంగళవారం చూశాను. బుధవారం దీపం మార్చాలని లేచి వెళ్ళినప్పుడు చూశాను. శుక్రవారం తలుపుకు నూనె వేశారు."

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. చూడటానికి చీకటి తప్ప ఏమీ లేదు.

"నాకు నేర్పింది మీరు" అందామె. "మొదటి చలికాలం, మంచు మీద జారకుండా నా బూట్లకు మేకులున్న పట్టీలు కట్టింది మీరు. మీ మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టంగా ఉంది. అది ఇంకా కోపం తెప్పిస్తోంది."

"ఉండనీ" అన్నాడు ఓడ్‌లైఫ్. "ఎన్నాళ్ళయినా."

"ఎన్నాళ్ళో నాకూ తెలియదు."

కారు ఆగిపోయిన ఎత్తు దగ్గర ఆమె వేగం తగ్గించింది. రోడ్డు పక్కన మంచులో అడుగుల గుర్తులేమీ మిగల్లేదు. వారంలో రెండుసార్లు మంచు కురిసింది. అక్కడి నుంచి హిల్‌దూర్ ఇల్లు రావడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది అతనికి. కారులోనే అంత దూరముంది.

కిటికీలో దీపం వెలుగుతోంది. దాని వెనక ముసలమ్మ తల కనబడింది. కారు చూసి ఎడమ చెయ్యి ఊపింది. పక్కన కూర్చున్నదెవరో పోల్చుకుని ఇంకా గట్టిగా ఊపింది.

లెమ్లెమ్ మందుల సంచి తీసుకుంది గాని తలుపు తీయలేదు.

"ఆమెకు నేను చెప్పను" అంది. "చెప్పమని మీరు నన్నడగొద్దు. ముందు మీరు వెళ్ళండి. కట్టెలు పట్టుకెళ్ళండి, పొయ్యి ఆరిపోయి ఉంటుంది. నేను రెండు నిమిషాల్లో వస్తాను."

ఓడ్‌లైఫ్ దిగాడు. కొట్టంలోంచి చేతుల నిండా కట్టెలు తీసుకున్నాడు. కింది మెట్టు మీద మంచు ఇంకా మెరుస్తూనే ఉంది. దాని మీద ఎవరూ బూడిద చల్లలేదు. ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కాడు. లోపల నుంచి తలుపు తెరుచుకుంది.

"ఇదేంటిరా, ఇవాళ నువ్వొచ్చావు?" అంది హిల్‌దూర్. సంతోషంతో ఆమె మొహం విప్పారింది. "దేవుడే పంపాడు. రా, లోపలికి రా, చలి వస్తుంది."

"పిన్నీ" అన్నాడు ఓడ్‌లైఫ్, కట్టెలు చేతుల్లోనే పట్టుకుని గడప మీద నిలబడి. "నిన్న నన్ను మన్నించమన్నాను కదా. దేనికో చెప్పలేదు."

హిల్‌దూర్ తలుపు ఇంకాస్త తెరిచి పట్టుకుని, చలి లోపలికొస్తున్నా, చెప్పేదాకా వింటూ నిలబడింది.